ముందు స్లాబు, తర్వాత దరఖాస్తు

అర్ధవీడు మండలంలో పుట్టిపెరిగి, టౌన్లో ప్లాటు కొనుక్కున్న మా బావకి ఒక చెడ్డ అలవాటుంది. ఏదైనా చేసేముందు రూలు చదువుతాడు. అన్నదమ్ములు పంచుకున్న స్థలంలో ఒక ముక్క అది. అందరికీ రోడ్డు మొహం కావాలన్నారు కాబట్టి స్థలాన్ని నిలువునా చీల్చారు. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. పక్కన సెట్‌బ్యాక్ వదిలితే మిగిలేది వసారా.

ఆంధ్రప్రదేశ్ 2017 బిల్డింగ్ రూల్స్‌లో ఇలాంటివాళ్ల మీద దయ లేకపోలేదు. వెడల్పుకి నాలుగింతల పొడవున్న స్థలమైతే, పక్కల తగ్గించుకున్నది ముందూ వెనకా వదిలి సర్దుకోవచ్చు. బావ టేపు పెట్టి కొలిచాడు. మూడుముప్పావు వచ్చింది. ఆ పావు వంతు పట్టుకుని ఆఫీసుకి పోయి, "కాస్త సడలింపు ముందుగానే ఇస్తారా?" అని అడిగాడు. గుమాస్తా జాలిగా చూశాడు.

"ఇంకా కట్టలేదా సార్? కట్టకుండా ఉల్లంఘన ఏమని రాసుకోమంటారు?"

అమెరికాలో న్యూజెర్సీలో ఉన్న మేనల్లుడు ఈ సంగతి ఫోన్లో విని నవ్వాడు. అక్కడ ఇంటి వెనక వదలాల్సిన ఖాళీలోకి చెక్క అరుగు జరిపి వేసుకోవాలన్నా జోనింగ్ బోర్డు ముందు నిలబడాలి. 200 అడుగుల లోపు ఆస్తులున్న ప్రతి యజమానికీ కనీసం పది రోజుల ముందు నోటీసు పంపాలి, బహిరంగ ప్రకటన వేయాలి. వాళ్లొచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. బావకి చెమటలు పట్టాయి. "200 అడుగులంటే మా వీధంతా గదప్పా! అందులో సగంమందితో నాకు మాటల్లేవు, మిగతా సగం నా అన్నదమ్ములే."

మన పద్ధతి ఎంత హాయి! అడగడం, వినడం, నోటీసులు లేవు. కట్టెయ్యి, ప్రభుత్వమే వెతుక్కుంటూ వస్తుంది. బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్, చరిత్ర చూడండి. 1985 జనవరి 1 తర్వాత లేచిన అక్రమ నిర్మాణాలకి జరిమానా కట్టించుకుని క్షమించడానికి మొదట పెట్టిన కటాఫ్ తేదీ 2007 డిసెంబరు 15. ఆ తర్వాత 2014 డిసెంబరు 31. ఆ తర్వాత 2018 ఆగస్టు 31. ఆ తర్వాత 2025 ఆగస్టు 31. పార్టీలు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండైంది. బీపీఎస్ మాత్రం తప్పకుండా వస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే, లక్షల కుటుంబాలు కాపురమున్న ఇళ్లని కూలగొట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు, ఉండకూడదు కూడా. కానీ ముందే వచ్చి అడిగినవాడికి ఒక కుర్చీ అయినా వేయొచ్చు కదా!

కనుక నాదొక మనవి. ఉగాదినాడు గుళ్లో పంచాంగ శ్రవణంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం చదివాక, వచ్చే కటాఫ్ తేదీ కూడా సిద్ధాంతిగారే చదివేస్తే జనం స్లాబుకి ముహూర్తం దాన్నిబట్టి పెట్టుకుంటారు. ఏ రాశివాళ్లకి ఎన్ని అంతస్తులు కలిసొస్తాయో కూడా చెబితే మరీ మంచిది.

లేఅవుట్ల సంగతి ఇంకా రుచి. తెలంగాణలో 2020 ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) ప్రకారం, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదల్లేదు కాబట్టి ప్లాటు విలువలో 14 శాతం కట్టాలి. స్థలం మింగినవాడు రియల్టరు, సొమ్ము కట్టేవాడు కొన్నవాడు. పార్కు మాత్రం రసీదులోనే.

ఇంతకీ మనవాళ్లకి ఖాళీ వదలడం చేతకాక కాదు. ఈశాన్యం పెరగాలని సిద్ధాంతి అంటే, కట్టిన గోడ కూడా పడగొట్టి మూడడుగులు వదులుతారు. అపరాధ రుసుముకి రసీదు అడగరు, అప్పీలుకీ పోరు. ప్రభుత్వం చేసిన తప్పల్లా గెజిట్లో రాయడం. అదే సెట్‌బ్యాక్ సిద్ధాంతి నోట చెప్పించి ఉంటే ఊళ్లన్నిటికీ గాలీ వెలుతురూ వచ్చేవి.

బావ ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. మేస్త్రీకి మాత్రం ఓపిక నశించింది. మొన్న ముగ్గుపిండి డబ్బా పట్టుకుని హద్దు మీదే గీత గీసేశాడు. "సందు వదలాలి గదయ్యా" అని బావ గొణిగితే మేస్త్రీ ఆశ్చర్యపోయాడు.

"ఇప్పుడు సందు వదిలేస్తే, రేపు స్కీమొచ్చినప్పుడు దేనికి కడతావన్నా ఫైను?"