రాజీనామా చేసుకున్నవాడికి చేసుకున్నంత

పుదుచ్చేరిలో ఎమ్మెల్యే ఎవరైనా రాజీనామా చేశారని తెలిస్తే పరామర్శకు వెళ్లకండి, పూలదండ పట్టుకుని వెళ్లండి. మనబోటివాళ్లు రాజీనామా ఇస్తే ఒకటో తారీఖున జీతం రాదు. విక్టర్ సిమోనెల్ వీధిలోని శాసనసభలో మాత్రం అది ప్రమోషన్‌కు పెట్టుకునే అర్జీ. పెట్టుకోనివ్వండి, కాదనం. దాన్ని ‘త్యాగం’ అంటేనే ఒళ్లు మండుతుంది.

2021 మొదటి రెండు నెలలూ అక్కడ త్యాగాల సీజను. కాంగ్రెస్ మంత్రి నమశ్శివాయం పదవి వదిలి బీజేపీలో చేరారు. ఎన్నికలయ్యాక హోం మంత్రి అయ్యారు. కాంగ్రెస్ ఎమ్మెల్యే లక్ష్మీనారాయణన్ ఫిబ్రవరి 21న, ఆదివారమని కూడా చూడకుండా, రాజీనామా ఇచ్చారు. మర్నాడే ముఖ్యమంత్రి నారాయణసామి కాంగ్రెస్ ప్రభుత్వానికి బలపరీక్ష మరి! తర్వాత లక్ష్మీనారాయణన్ ఎన్నార్ కాంగ్రెస్ తరఫున గెలిచి ప్రజాపనుల మంత్రి అయ్యారు. జాన్‌కుమార్ త్యాగాల్లో సీనియర్. 2016లో నారాయణసామి కోసం నెల్లిత్తోపు సీటు ఖాళీ చేశారు. 2021లో అదే నారాయణసామిని ఖాళీ చేయించిన వాళ్లలో ఒకరయ్యారు. ఆ ఎన్నికల్లో తండ్రీకొడుకులిద్దరూ బీజేపీ ఎమ్మెల్యేలయ్యారు, 2025 జూలైలో తండ్రి మంత్రి కూడా అయ్యారు.

‘ఓటరే మళ్లీ గెలిపించాడు కదా, మధ్యలో నీకేం నొప్పి?’ అంటారా? సరే, వాళ్ల జోలికి పోను. ఓటరు గడప తొక్కకుండానే సభకు తిరిగొచ్చిన వాళ్ల సంగతి చెప్పండి. అదే ఆదివారం రాజీనామా చేసిన డీఎంకే ఎమ్మెల్యే వెంకటేశన్ మే నెలకల్లా నామినేటెడ్ ఎమ్మెల్యేగా ప్రత్యక్షమయ్యారు, ఈసారి బీజేపీ మనిషిగా. పుదుచ్చేరి సభలో జనం ఎన్నుకునేవాళ్లు 30 మంది, కేంద్రం నామినేట్ చేసేది ముగ్గుర్ని. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు, ఈ మూడు సీట్లూ ఢిల్లీ ఆపి ఉంచుతుంది. 2025 జూన్‌లో వెంకటేశన్‌తో సహా ముగ్గురూ రాజీనామా చేసి లేచారు, కొత్తగా మరో ముగ్గురు కూర్చున్నారు. వారిలో ఒకరు దీపైందాన్. 2021 జనవరిలో నమశ్శివాయంతో పాటు కాంగ్రెస్‌కు రాజీనామా చేసిన ఆయనే!

మూడు సీట్లే కదా అని తీసిపారేయకండి. 2021 బలపరీక్ష నాటికి నారాయణసామి ప్రభుత్వం వైపు స్పీకర్‌తో కలిపి 12 మంది. ప్రతిపక్షంలో జనం గెలిపించినవాళ్లు 11 మందే. అప్పటి నామినేటెడ్ ముగ్గురూ కలిస్తే 14. వాళ్లకూ ఓటుందని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే తేల్చేసింది. జనం వేసిన ఓట్ల లెక్కను జనం ఓటెయ్యని ముగ్గురు తిరగరాశారు.

తెలుగువాడి వాటా లేకుండా ఈ కథ ఎలా ముగుస్తుంది? యానాం నుంచి 1996 మొదలు వరుసగా గెలిచిన మల్లాడి కృష్ణారావు ఆరోగ్య మంత్రి పదవినీ, తర్వాత ఎమ్మెల్యే పదవినీ వదిలి, ఆ సీటును ఎన్నార్ కాంగ్రెస్ అధినేత రంగసామికి అప్పగించబోయారు. గోదారి ఒడ్డు ఓటరు ఒప్పుకోలేదు. 655 ఓట్ల తేడాతో రంగసామిని ఓడించి, ఇండిపెండెంట్ గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్‌ను గెలిపించాడు. ఏం లాభం? తట్టాంచావడిలోనూ నిలబడి గెలిచిన రంగసామి ముఖ్యమంత్రి అయ్యారు. మల్లాడి ఢిల్లీలో పుదుచ్చేరి ప్రత్యేక ప్రతినిధి అయ్యారు. వద్దన్న ఓటరు వద్దంటూనే ఉన్నాడు.

ఇంతకీ పుదుచ్చేరి జంప్ జిలానీలు మనవాళ్లకన్నా నయమే. 2014లో వైసీపీ గుర్తుపై గెలిచిన నలుగురు, ఎమ్మెల్యే పదవి పోకుండానే 2017 ఏప్రిల్‌లో తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రులయ్యారు. పుదుచ్చేరిలో కనీసం ఒక కాగితం ఖర్చవుతుంది. 1985 నాటి ఫిరాయింపుల చట్టం పార్టీలో ఉండి విప్ ధిక్కరించినవాణ్ని పట్టుకుంటుంది, రాజీనామా రాసిచ్చి వెళ్లేవాడికి దండం పెట్టి దారిస్తుంది. ఆ సంగతి తెలిసినవాళ్లే మనస్సాక్షి గురించి మైకులో గట్టిగా మాట్లాడతారు.

కాబట్టి ఆ చట్టంలో ఒక్క వాక్యం చేర్చమనండి: రాజీనామా చేసిన ఎమ్మెల్యేకి, మళ్లీ జనం ఓటుతో గెలిచేదాకా, నామినేటెడ్ సీటు గానీ ప్రత్యేక ప్రతినిధి హోదా గానీ ఇవ్వరాదు. ఆ తర్వాత ఎంతమంది మనస్సాక్షులు నిద్రలేస్తాయో చూద్దాం.