సీపీ గారి రెండు గొంతులు

నగర పోలీసు కమిషనర్‌ని ఊరంతా సీపీ గారు అంటుంది. ఛార్జి తీసుకున్న రోజు విలేకరుల ముందు ఎవరైనా చెప్పే మాటలు అవే: రౌడీలు ఊరు వదలాలి, ఆడవాళ్ళు అర్ధరాత్రి కూడా నిర్భయంగా తిరగాలి, ట్రాఫిక్ గాడిలో పడాలి. రౌడీలు ఆ వార్త చదివి, ఈయన ఏ బ్యాచి, ఎవరి మనిషి అని వాకబు చేస్తారు. ఎమ్మెల్యేలూ చేసేది అదే.

సీపీ గారికి గొంతులు రెండు. మొదటిది పొద్దున్నే వైర్‌లెస్ సెట్ కాన్ఫరెన్సులో మోగుతుంది. అది వినపడగానే ఇన్‌స్పెక్టర్లు లుంగీలో ఉన్నా అటెన్షన్‌లోకి వస్తారు. రాత్రి గస్తీ ఎవరు ఎగ్గొట్టారో, ఫిర్యాదు తీసుకోకుండా ముసలమ్మని ఏ స్టేషన్ తిప్పి పంపిందో ఆ గొంతుకు తెలుసు. రెండోది సెల్‌ఫోన్ గొంతు. సీఎం పేషీ నుంచి పిలుపొస్తే ఆయన కుర్చీలోంచి లేచి మరీ మాట్లాడతారు, అవతలివాళ్ళకు కనపడకపోయినా సరే.

నిజాం కాలంలో రాజబహదూర్ వెంకటరామారెడ్డి 1920 నుంచి దాదాపు 14 ఏళ్ళు హైదరాబాదు కొత్వాలుగా, అంటే అప్పటి సీపీగా, ఉన్నారు. ఆయన మెప్పించాల్సింది ఒక్క ప్రభువునే. ఇప్పుడు హైదరాబాదు జిల్లాలోనే ఎమ్మెల్యేలు 15 మంది. కార్పొరేటర్ల జోలికి నేను పోను. నిజానికి వీళ్ళెవరూ సీపీ గారికి పై అధికారులు కారు. మేయరు గారి చేతిలో చెత్త బండ్లున్నాయి గాని పోలీసు జీపులు లేవు. న్యూయార్కులో కమిషనర్ని పెట్టేదే మేయరు. 1996 జనవరిలో టైమ్ పత్రిక అట్ట మీద కమిషనర్ బ్రాటన్ ఫొటో పడింది. నేరాలు తగ్గించిన ఘనత ఎవరిదని మేయర్ జూలియానీతో అప్పటికే పేచీ. కొన్ని నెలలకే బ్రాటన్ పదవి వదిలేశారు. మన సీపీ గారు ఆ కథ వినకపోయినా, ఫొటో తీసేటప్పుడు మంత్రి గారికి అరడుగు వెనకే నిలబడతారు.

'కుదరదు' అన్న మాట ఆయన నోట రాదు. అనుచరుడు తాగి బండి నడుపుతూ దొరికాడని ఎమ్మెల్యే గారు ఫోన్ చేస్తారు.

"మనవాడే, కాస్త చూడండి."

"అయ్యో, ఒక్క నిమిషం ముందు చెప్పాల్సింది సార్! వాడు ఊదేశాడు, చీటీ కూడా వచ్చేసింది. మనిషికైతే చెబుతాను గాని యంత్రానికేం చెప్పను?"

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే ఆ యంత్రానికి కులం, పార్టీ, నియోజకవర్గం ఏవీ పట్టవు. పైగా దాన్ని పోస్టింగు లేకుండా వీఆర్‌లో పెట్టలేరు. సీపీ గారికి కెమెరాల్లాంటి యంత్రాల మీద అంత మోజెందుకో నాకు అప్పుడర్థమైంది.

అసలు పరీక్ష పేకాట క్లబ్బు దగ్గర. క్లబ్బు మీద దాడి చేసిన సీఐని సాయంత్రానికల్లా మార్చమని ఒత్తిడి వస్తుంది. "వాడికేం తెలీదు సార్, పంపింది నేనే," అంటారు మన సీపీ గారు, అప్పటిదాకా ఆ దాడి సంగతే తెలియకపోయినా. ఈ మాట సెట్‌లో చెప్పనక్కర్లేదు. డ్రైవరు ద్వారా రాత్రికే అన్ని స్టేషన్లకూ చేరుతుంది. మర్నాటి నుంచి ఆయన తిట్లు కూడా సిబ్బందికి ఆశీర్వచనాల్లా వినిపిస్తాయి.

క్లబ్బు సంగతి ఎలాగో సర్దుకుంటుంది. గన్‌మెన్ సంగతి సర్దుకోదు. ప్రాణభయం లేని నాయకుడికి షిఫ్టుకు ఇద్దరు చొప్పున 2+2 ఎందుకని సమీక్షలో 1+1 చేశారో, అయ్యిందే! పెళ్ళిళ్ళకు ఒక గన్‌మన్ తక్కువతో వెళ్ళాల్సిన అవమానం ఏ నాయకుడు భరిస్తాడు? ఫీల్డులో ఉన్న పోలీసు అధికారులకు కనీసం రెండేళ్ళ పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. అయినా సీపీ గారి బదిలీ జీవో రాత్రి పదకొండింటికి వస్తుంది. కారణం 'పరిపాలనా సౌలభ్యం'.

వీడ్కోలు సభలో కంటతడి పెట్టేది ఆ నాయకుడే. "ఇలాంటి ఆఫీసరు మళ్ళీ మనకు దొరకడు," అని శాలువా కప్పి, చెవి దగ్గరకు వంగుతాడు: "కొత్త సారు మీ బ్యాచేనటగా. నా 2+2 గురించి ఓ మాట చెప్పి వెళ్ళండి."

సీపీ గారు రెండో గొంతుతో, "తప్పకుండా సార్," అంటారు.