రసీదు పాఠకులు

డోన్‌లో నా పాఠకులు రెండు రకాలు: లోపలికొచ్చి చదివేవాళ్లు, రాకుండానే డబ్బు కట్టేవాళ్లు. రెండో రకమే ఎక్కువ. పుస్తకం చింపరు, గడువు దాటించరు, ఫ్యాను గురించి గొడవ పడరు. అందుకే వాళ్లంటే నాకు ప్రత్యేక అభిమానం.

మొన్న వాళ్లలో ఒకాయన ఇంటి పన్ను రసీదు పట్టుకుని వచ్చాడు. "ఏంది సార్ ఇది? నీళ్లంటే తాగుతాం, వీధిదీపమంటే దాని కింద నడుస్తాం. ఈ లైబ్రరీ సెస్సు దేనికి? ఒక్కనాడన్నా మీ గడప తొక్కినానా?" తొక్కలేదని సాక్ష్యం చెప్పగలిగినవాణ్ని నేనే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం సంగతి, పన్ను రూపాయికి 8 పైసల సెస్సు సంగతి విప్పి చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్కేశాడు. రెండు వేల పన్నుకు 160. "అయితే ఇన్నేళ్లదీ వెనక్కియ్యండి." నగదు లేదు, నవలలైతే ఇస్తానన్నాను. "అంతా ఫోన్లో వస్తాంది కదప్పా" అంటూ వెళ్లబోయి గుమ్మం దగ్గర ఆగాడు. "ఛార్జింగ్ పెట్టుకునేకి ఏమన్నా ఉందా?"

ఫోను నిండేదాకా పేపరు తిరగేశాడు. వదలకుండా పాఠకుల రిజిస్టరులో సంతకం పెట్టించాను.

ఆయన కట్టిన సొమ్ము వసూలయ్యేది స్థానిక సంస్థల్లో, చేరాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. దూరం ఎంతో లేదు. అయినా పాపం ఆ సొమ్ముకు నడక చేతకాదు. రాష్ట్రంలో ఎక్కడ విన్నా సెస్సు బకాయిల మాటే.

ఈ పైసల వెనక పెద్ద కథే ఉంది. మన కర్నూలువాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయారు. ఆ తర్వాతి కాలంలో గ్రంథాలయోద్యమాన్ని నెత్తినెత్తుకున్నారు. 1935లో కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు వేసుకుని పల్లెలకు తిప్పారు మహానుభావులు. మాకు కాలువ లేదు గానీ జంక్షనుంది. గుత్తికో, కర్నూలుకో, నంద్యాలకో రైలు మారడానికి పడిగాపులు కాసే జనమున్నారు. ఈ గంటలో ఓ నవల చదువుదామని వాళ్లలో ఒక్కరూ స్టేషను దాటి నా దాకా రాలేదు.

ఇక లోపలికొచ్చే రకం. పొద్దున్నే ఒక దినపత్రిక నాలుగు చేతుల్లోకి చీలుతుంది. ఆటల పేజీ కిటికీ దగ్గర, సినిమా పేజీ ఫ్యాను కింద. సంపాదకీయం బల్ల మీద ఒంటరిగా. పదవినోదం మాత్రం నేను తలెత్తేలోగా ఎవరో కత్తిరించుకుపోతారు. గ్రూప్-2 కుర్రాళ్లు పుస్తకాలు వాళ్లే తెచ్చుకుంటారు. వాళ్లకు నేను గ్రంథపాలకుణ్ని కాను, కుర్చీపాలకుణ్ని. వాళ్లను మాత్రం ఎగతాళి చేయలేను. ఒకే గదిలో అయిదుగురు సర్దుకునే ఇంటి పిల్లోడికి ఈ కుర్చీ దొరకడమే గొప్ప.

పెద్ద ఊళ్లలో ఇంకో వింత మొదలైంది. ఏసీ గది, బల్లకో అడ్డచెక్క, నెలనెలా రుసుము, బయట 'లైబ్రరీ' అని బోర్డు. లోపల ఒక్క పుస్తకం ఉండదు, ఒక్క సీటూ ఖాళీ ఉండదు. పుస్తకాలు పెట్టుకోవడమే మా లోపమేమో!

2022లో జిల్లాలు మారి డోన్ నంద్యాల జిల్లాలోకి వచ్చింది. మా పాత పుస్తకాలకు ఆ కబురింకా అందలేదు, వాటి మీద ముద్ర కర్నూలు జిల్లానే. తెరిచి చూసేవాళ్లేరీ, అభ్యంతరం చెప్పడానికి?

అయ్యా, అమ్మా, డబ్బు మీరు ఎటూ కట్టేశారు. సభ్యత్వం తీసుకుని ఒక్క పుస్తకమన్నా ఇంటికి పట్టుకుపోండి. శుక్రవారం మాత్రం రాకండి, ఆ రోజు మాకు సెలవు.