నాలుగడుగుల ఇనుము

రాజమండ్రి దానవాయిపేటలో మా వీధివాళ్లు సీజర్‌ని తిట్టని పూట లేదు. పేపరు కుర్రాడు తిట్టాడు, పాలాయన తిట్టాడు, ఎదురింటి పెద్దాయన గేటు మీద కర్రతో కొట్టి మరీ తిట్టాడు. అందరికీ కనిపించింది అరిచే నోరే. ఆ మెడకి ఇటు కొసన ఉన్న నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అనిపించుకోవాలని సరదా లేదు గానీ, వ్యవహారం మొత్తాన్నీ పట్టుకుని ఉన్నదాన్ని నేనే కాబట్టి నేనే చెప్పాలి.

నేను గొలుసుని. ఇనప సామాన్ల కొట్లో మా సారు బేరమాడి 180 రూపాయలకి కొన్నారు. "ఎనిమిదడుగులది కూడా ఉందండీ" అన్నాడు కొట్టతను. "అంతెందుకండీ, గేటు దాకా పోకుండా ఉంటే చాలు" అన్నారు సారు. సీజర్ బతుకు కొలత అక్కడే తేలిపోయింది. వాణ్నేమో అల్సేషియన్ అని చెప్పి అమ్మారు. చెవుల వరకూ ఆ మాట నిజమే. తోక దగ్గరికొచ్చేసరికి మన ఊరి కుక్కే.

పొద్దున్న తొమ్మిది కాగానే సారు బ్యాంకుకి, మేడంగారు స్కూలుకి. వెళ్లే ముందు నన్ను వరండా స్తంభానికి తగిలించి, గిన్నెలో నీళ్లు పోసి, "జాగ్రత్తరోయ్" అని చెప్పేవారు. ఏం జాగ్రత్త? ఎదురుగా ఊచల గేటు, అందులోంచి వీధంతా సినిమాలా కనబడుతుంది. ఎవరో వస్తారు. విడిగా ఉన్న కుక్కయితే దగ్గరికెళ్లి కాళ్లు వాసన చూసి, మనవాడా పైవాడా తేల్చుకుని, నచ్చకపోతే వెనక్కి పోయి పడుకుంటుంది. వాసన చూసే దూరం నేనివ్వను. పారిపోయే దూరమూ ఇవ్వను. ఇక వాడికి మిగిలింది గొంతొకటే. అరుస్తాడు. కొరియరు కుర్రాడు కవరు పడేసి వెళ్లిపోతాడు. ఇంకా పది ఇళ్లు తిరగాలి, ఎలాగూ వెళ్లేవాడే. సీజర్ మాత్రం తనే తరిమేశాననుకుంటాడు. రేపు ఇంకాస్త ముందే మొదలెడతాడు. రోజూ గెలుస్తున్న పని ఎవరు మానుకుంటారు? ఎదురింటాయన "నోర్ముయ్!" అని కేకేస్తే మరీ రెచ్చిపోయేవాడు. మనిషి కూడా తనతో గొంతు కలిపాడని వాడి లెక్క.

మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేది వేరే అరుపు. వీధిలో పిట్ట కూడా ఉండదు. అప్పుడు మూతి పైకెత్తి ఊళ పెట్టేవాడు. కుక్క ఊళేస్తే ఎక్కడో చావు కబురని పెద్దవాళ్లంటారు. నేను విన్నంతలో అది ఇంట్లో మనుషుల్లేరన్న కబురు, అంతే.

పక్కింటి మేడ మీద నర్సమ్మ ఉంటుంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, ఇంత టిఫిను తిని, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని పడుకునే మనిషి. ఆవిడ నిద్రా, సీజర్ ఉద్యోగమూ ఒకే వేళకి మొదలయ్యేవి.

మొదట్లో గోడ దగ్గర్నుంచి మర్యాదగానే చెప్పింది. "అన్నయ్యగారూ, మీ సీజర్ పగలంతా ఒకటే అరుపండీ."

"మావాడా! మేమున్నప్పుడు నోరు మెదపడమ్మా" అన్నారు సారు.

అబద్ధం కాదు. వాళ్లున్నప్పుడు వాడికి అరవాల్సిన పని లేదు. నేనూ మేకుకి వేలాడుతుంటాను. కుక్కల తగాదాలు సగం ఇక్కడే పుడతాయనుకుంటాను. అరుపు వినేవాళ్లు వేరు, పెంచేవాళ్లు వేరు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

తర్వాత సలహాలొచ్చాయి. ఆవిడ తమ్ముడు ఆన్‌లైన్లో ఒక పెట్టె తెప్పించాడు. కుక్క అరవగానే మనిషి చెవికి అందని కూత పెడుతుందట. 20,000 హెర్ట్జ్ దాటితే మనిషికి వినబడదు, కుక్కకి 40,000 దాటినా వినబడుతుంది. వినబడింది. వీధి కుక్కలన్నిటికీ వినబడింది. ఆ మధ్యాహ్నం ఎవరికీ కునుకు లేదు. ఎదురింటాయనైతే గొంతు తగ్గించి, బిస్కెట్లో ఏదో కలిపి పడేస్తే సరి అన్నాడు. "పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నానండీ" అంది నర్సమ్మ. జంతువుని చంపితే భారతీయ న్యాయ సంహిత 325 కింద ఐదేళ్ల దాకా జైలు. ఆవిడ ఆ సెక్షను తెలిసి అన్న మాట కాదది.

సెక్షన్లు తెలిసిన మనిషి ఆవిడ కింది వాటాలో ఉండే ప్లీడరు గుమాస్తా. అరుగు మీద కూచుని వేళ్లు ముడుస్తూ చెప్పాడు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. కొలిచే యంత్రం ఎవరు తెస్తారు? పోనీ, నాగరిక సురక్షా సంహిత 152 కింద ఆర్డీవోగారికి అర్జీ పెట్టుకోవచ్చు. నలుగురికీ ఇబ్బందని తేలాలి. "ఆయ్, ఇంకోటుందమ్మా" అని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షను తీశాడు. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువు గొలుసుతోనో జంతువుని హద్దు మీరి కట్టేసి ఉంచితే నేరం. ఎప్పుడూ కట్టేసే కుక్కని నడకకి తిప్పకపోయినా నేరమే.

నేను గలగలమన్నాను. పార్లమెంటువారు నా గురించి ఆలోచించారు! పొడుగూ బరువూ సహా!

"శిక్షెంతండీ?" అంది నర్సమ్మ.

"మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు జరిమానా."

నా పొగరు అక్కడికి దిగింది. నా ఖరీదే 180.

కేసు మాట ఆవిడ వదిలేసింది. పక్కపక్కనే బతకాలి, పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకోవాలి. డ్యూటీ లేని రోజు చూసి కిటికీలో ఫోను పెట్టి రికార్డు చేసింది. సాయంత్రం మేడంగారు స్కూలు నుంచి రాగానే గోడ దగ్గరికి పిలిచింది. "పోట్లాటకి కాదు వదినగారూ, ఒక్కసారి వినండి." మొరుగుళ్లు మేడంగారు నవ్వుతూనే విన్నారు. ఊళ దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది. "ఇది మా సీజరేనా?" అని మళ్లీ పెట్టించుకున్నారు. రెండోసారి, "వెనకాల ఆ కరకరేమిటమ్మా?" అన్నారు. అది నేను. స్తంభానికి రాసుకుంటున్నాను.

తర్వాతి పనులు చెప్పడానికి నాకంత ఉత్సాహం లేదు, వాటిలో నేను లేను. పొద్దున్న ఆరింటికి గోదావరి గట్టు మీద నడక, సారు చేతిలో నా బదులు నైలాన్ పట్టీ. గేటుకి నడుమెత్తు దాకా రేకు. పగలు కట్టెయ్యడం మాని వెనక వరండాలో వదలడం. బోలు రబ్బరు బంతిలో పెరుగన్నం కూరి పెడితే, అది నాకి నాకి అయ్యేసరికి చాలా పొద్దు గడిచేది. మధ్యాహ్నం పనమ్మాయి వచ్చి కాసేపు వాడితో ఉండేది. అరుపు మర్నాడే ఆగలేదు, అలవాటు కదా. మెల్లగా తగ్గింది. కొబ్బరిబొండాల బండి వస్తే ఇప్పటికీ అరుస్తాడు. నర్సమ్మ లేచి కిటికీ మూసుకుంటుంది.

నాదే తప్పంటే మాత్రం ఒప్పుకోను. నన్నెంత కొంటే అంత పొడుగు. కట్టేదీ విప్పేదీ వేరే చేతులు.

ఇప్పుడు మోటారు గదిలో మేకుకి ఉన్నాను. మొన్న వెనక వీధిలో కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నాయన వచ్చాడు. "మీ దగ్గర పాత గొలుసుందన్నారండీ. పిల్ల ఒకటే అరుపు."

సారు కూచోబెట్టి కాఫీ ఇప్పించారు. "ఎంతసేపు కడతారండీ?"

"ఆయ్, పగలేనండీ. మేమిద్దరం ఆఫీసులకి పోతాం కదా."

సారు గ్లాసు కింద పెట్టారు. "అయ్యో, పాత సామాన్లవాడికి వేసేశామండీ."

మోటారు గది తలుపు బార్లా తీసే ఉంది. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను చూశాడు కూడా.