కుక్కుట చక్రవర్తులకు భద్రాద్రి దండం

జయ జయ! దేశానికి కోడిగుడ్డు రుచి మప్పిన హైదరాబాదీ, పద్మశ్రీ బి.వి.రావు గారి వంశాంబుధి చంద్రులారా, బ్రాయిలర్ లోకపాలకులారా, పుణె పురాధీశులారా, వెంకీస్ ప్రభువులారా! గోదావరి గట్టున, అడవి అంచున ఉన్న భద్రాచలం నుంచి మీకు సాష్టాంగ దండం. మా మిథిలా స్టేడియం పేరుకు స్టేడియమే గానీ దాని ప్రసిద్ధి శ్రీరామనవమి నాటి సీతారాముల కల్యాణం వల్ల. గోల్‌పోస్టుల సంగతి మాకు అంతంత మాత్రం. అయినా మనవాళ్ళు ఇంగ్లండులో నాటిన కీర్తిస్తంభాన్ని తలచి మురిసిపోకుండా ఉండలేకపోతున్నాం.

1888లో ఫుట్‌బాల్ లీగ్‌కు పునాది వేసిన పన్నెండింటిలో ఒకటైన బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను మీరు 2010 నవంబరులో 2.3 కోట్ల పౌండ్లకు చేపట్టారు. అంతకుముందు ఆ ఊరి బిడ్డే, ఉక్కు వ్యాపారి జాక్ వాకర్, డబ్బు గుమ్మరించి 1995లో ప్రీమియర్ లీగ్ గెలిపించాడు. డబ్బుతో గెలవడం ఏ షావుకారుకైనా చేతనవును. డబ్బు పోస్తూ కూడా ఓడటానికి కావలసిన స్థితప్రజ్ఞత మీ ఒక్కరికే అబ్బింది. వచ్చిన నెల తిరక్కుండానే, జట్టును 13వ స్థానంలో నిలకడగా ఉంచిన శామ్ అలర్డైస్‌కు విశ్రాంతి ప్రసాదించి, మేనేజరుగిరీ అనుభవమనే మాలిన్యం ఏమాత్రం అంటని స్టీవ్ కీన్‌కు పట్టం కట్టిన మీ నిష్పక్షపాతాన్ని ఏమని పొగడగలం! ఆపైన హెన్నింగ్ బెర్గ్‌ను 57 రోజులకూ, మైకేల్ ఆపిల్టన్‌ను 67 రోజులకూ బంధవిముక్తులను చేశారు. కొలువులో ఎవరికీ విసుగు పుట్టకూడదన్న ఇంతటి దయ ఏ కొలువుకూటంలో చూశాం?

మా అడవి పల్లెల్లో అమ్మవారికి కోడిని మొక్కుకుంటారు. బ్లాక్‌బర్న్ భక్తులూ అంతే. 2012 మే 7న విగన్‌తో ఆట నడుస్తుండగా, క్లబ్బు జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలి మీకు మొక్కు చెల్లించుకున్నారు. మొక్కు వెంటనే ఫలించింది. పదకొండేళ్ళ ప్రీమియర్ లీగ్ కాపురం ఆ రాత్రితోనే సమాప్తం. 2017లో మూడో శ్రేణి దాకా దిగి నేల తాకిన తొలి మాజీ ప్రీమియర్ విజేతగా వినయంలోనూ రికార్డు మీదే. మరుసటి ఏడు క్లబ్బు ఒక మెట్టు ఎక్కింది. ఆ చిన్న పొరపాటును మేం లెక్కలోకి తీసుకోవడం లేదు.

మా కంచర్ల గోపన్న, పాల్వంచ తహసీలుదారు, ఖజానా సొమ్ముతో గుడి కట్టించి పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో మగ్గాడని చెబుతారు. అది సర్కారు సొమ్ము, పైగా గుడి నిలిచింది. మీరు సొంత సొమ్మే పారబోశారు. అయినా నష్టాలు హద్దు మీరాయని 2014 డిసెంబరులో మీ క్లబ్బు ఆటగాళ్ళను కొనకుండా లీగ్ వారు ఆంక్ష పెట్టారు! ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో నష్టాలను కొలిచే ధర్మశాస్త్రం సమదృష్టి అటువంటిది. 2023 నవంబరులో ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోసి, అప్పీలులో కనికరించి ఆరుకు తగ్గించింది. చెల్సీ వారు తమ హోటళ్ళను తమ సోదర సంస్థకే 7.65 కోట్ల పౌండ్లకు అమ్ముకుంటే అందులోని కుటుంబ వాత్సల్యానికి కరిగిపోయింది. అబుదాబి ప్రభువుల మాంచెస్టర్ సిటీకి 2023 ఫిబ్రవరిలో నూటపదహార్లకు ఒక్కటే తక్కువగా 115 అభియోగాలు తాంబూలంలో పెట్టి సమర్పించింది. సిటీ వారు అవన్నీ తమవి కావని సవినయంగా తిప్పి పంపారు. అంతటి వకీళ్ళను పోషించలేని చిన్న క్లబ్బులు చటుక్కున శిక్ష అనుభవించి త్వరగా పుణ్యం గడిస్తున్నాయి.

దాతలారా, చివరగా ఒక్క విన్నపం. ఖమ్మం వైపు ఏ కుర్రాళ్ళ జట్టునైనా ఆదరించాలని ఎప్పుడైనా మీ మనసు కరిగితే, అంతటి భాగ్యానికి మేం తగమని గుర్తుచేసుకుని, ఆ చల్లని చూపును బ్లాక్‌బర్న్ మీదే నిలపండి. మాకు మీ గుడ్లు చాలు.