జిప్సీ రోజ్ నోట జిప్సీ రోజ్ కథ

‘నేను’ అనడం జిప్సీ రోజ్‌కు నామోషీ. ఊరంతా ఎరిగిన కారు పేరుతోనే మాట్లాడాలంటుంది. అందుకే ఇక్కడ రోజ్ గురించి చెబుతున్నది రోజే.

అది 1964 మోడల్ షెవ్రొలే ఇంపాలా. షోరూంలో పదింటిలో ఒకటి. దాన్ని రోజ్‌గా మార్చినవాడు జెస్సీ వలాదెస్, ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఇంపీరియల్స్ కార్ క్లబ్బు మనిషి. అంతకుముందు అతనికి ఇదే పేరుతో 1963 ఇంపాలా ఉండేది. అది ధ్వంసమైతే పేరును వదలక ఇంకో కారుకు పెట్టుకున్నాడు. పెయింటర్ వాల్ట్ ప్రే పనితనంతో ఒళ్లంతా గులాబీ రంగు, దానిమీద చేత్తో వేసిన గులాబీలు. లోపల గులాబీ వెల్వెట్, షాండ్లియర్లు, వెనక సీటు దగ్గర చిన్న బార్. అతిగా లేదూ? ఉంది. తమను చికానోలని పిలుచుకునే మెక్సికన్ అమెరికన్లను ఎవరి కంటా పడకుండా బతకమన్న నగరంలో ఆ మాత్రం అతి ఉండాల్సిందే.

హాట్‌రాడ్ కుర్రాళ్లకు వేగం మోజు. చికానో కుర్రాళ్లు కారును నేలకు ఆనేంతగా దించి, ఈస్ట్ లాస్ ఏంజెలెస్ వీధి విటియర్ బొలెవార్డ్ మీద రథంలా నెమ్మదిగా నడిపించారు. అలాంటి కారే లోరైడర్. దూసుకుపోతే గులాబీలు ఎవరు చూస్తారు?

చట్టానికి మాత్రం ఆ కిందికి దిగడమే గిట్టలేదు. చక్రాల రిమ్ము అంచుకన్నా కారులో ఏ భాగమూ కిందికి ఉండరాదని 1950ల చివర్లో కాలిఫోర్నియా నిబంధన పెట్టింది. జరిమానాలు పడ్డాయి. వాటిని తప్పించుకోవడానికి రాన్ అగిరే అనే కుర్రాడు విమానాల హైడ్రాలిక్ భాగాలు తెచ్చి తన కార్వెట్‌కు బిగించాడు. అది 1959. ఇక పోలీసు కనబడితే మీట నొక్కడం, కారు లేవడం. పోలీసు వెళ్లాక మళ్లీ నొక్కడం, కారు దిగడం! పంపు నూనెను సిలిండర్లలోకి తోస్తుంది, అవి కారును లేపుతాయి. పంపును తిప్పే బ్యాటరీలతో డిక్కీ నిండిపోతుంది, సామాను పెట్టుకునే ఆశ వదులుకోవాలి. ఈ రహదారి అల్లరే తర్వాత కార్లు గెంతే పోటీలకు దారితీసింది.

రోజ్‌కు 1974లో టీవీ యోగం పట్టింది. ‘చికో అండ్ ద మ్యాన్’ అనే సీరియల్ మొదట్లో, టైటిల్స్ పడుతుండగా అమెరికా దాన్ని చూసింది. 1977లో శాన్ హోసేలో ‘లోరైడర్’ పత్రిక మొదలైంది. రెండేళ్లకే విటియర్ బొలెవార్డ్ మీద ఈ షికార్లను పోలీసులు ఆపించారు. టీవీలో ముద్దొచ్చిన కారు వీధిలో నేరమైంది.

వలాదెస్ 2011లో చనిపోయాడు. ఆరేళ్ల తర్వాత రోజ్ జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరుకెక్కింది. లోరైడర్లలో ఆ గౌరవం మొదట దానికే. వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ మీద అద్దాల గదిలో నిలబెట్టారు. సొంత రాష్ట్రంలో పాత నిబంధన అప్పటికీ బతికే ఉంది! అది రద్దయింది 2024 జనవరి 1న.

లాస్ ఏంజెలెస్ వెళ్లే తెలుగువాళ్లకు రోజ్ మనవి ఒక్కటే: లోరైడర్ కనబడితే ఆగి, తీరిగ్గా చూడండి, సొంతదారుతో మాట కలపండి. పెయింట్ మీద మాత్రం చెయ్యి వేయకండి.