‘డాక్టర్ డ్రివెన్’ ప్రకటనకు టీకా తాత్పర్యములు

అవతారిక

మెదకుసీమలోని కొలిచెలమ యూరి పేరు నింటిపేరుగా ధరించిన మల్లినాథసూరి, కాళిదాసుని కావ్యములకు సంజీవని వ్రాయబూనుచు, ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టెను. ఆ మహానుభావుడు నేడు హైదరాబాదున కాపురముండి, దినమునకు నలువది కిలోమీటర్లు కార్యాలయమునకు పోయి వచ్చువాడై, పదునైదేండ్లు నిండినపిదప మఱి యైదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొన్న తన ముసలి కారును మార్చదలచి, సెకండ్‌హ్యాండు కార్ల ప్రకటనలను చదువవలసి వచ్చెనేని, ఆ ప్రతినలో మొదటి సగము మొదటి ప్రకటనకే భంగపడియుండును. మూలమే నిరాధారమైనచోట వ్యాఖ్యాత ఆధారము నెక్కడనుండి తెచ్చును? నేను మల్లినాథుడను కాను. కాని ముసలి కారు మాత్రము నాకును గలదు.

నాకు గావలసినది చిన్నకారే, అయినను చురుకైన చిన్నకారు. ఏబదిరెండేండ్ల వయస్సున ఈ కోరిక యేలయని మా యింటివారడిగిరి. దానికి నేనిచ్చిన సమాధానము వ్యాఖ్యానయోగ్యము కాదు. ఈ జాతికి 1976లో జర్మనీ దేశమున 110 గుఱ్ఱముల బలముతో అమ్మకమునకు వచ్చిన గోల్ఫ్ జీటీఐ మూలపురుషుడని పలువురందురు. మినీ కూపరు పక్షమువారు దీనికి సమ్మతింపరు. మన దేశమున ఈ వంశము ఊడలు దిగి వృద్ధిపొందినది లేదు. 2015లో 145 గుఱ్ఱముల అబార్త్ పుంటో, 2017లో బలెనో ఆర్ఎస్, 2018లో టియాగో జేటీపీ వచ్చినవి; అన్నియు అల్పాయుష్కములే. 2016లో వచ్చిన పోలో జీటీఐ యన్ననో, దేశమంతటికిని 99 బండ్లకు పరిమితము. ఇక నావంటి గృహస్థునకు మిగిలినది పోలో జీటీ టీఎస్ఐ. 2013లో వెలువడిన యీ బండికి 1,197 సీసీ యంజనును, దానికి టర్బోను, 105 గుఱ్ఱముల బలమును, ఏడు గేర్ల జంటక్లచ్చు పెట్టెను గూర్చిరి. 2020లో దాని స్థానమున మూడు సిలిండర్ల లీటరు యంజను వచ్చెను. 2022లో పోలో తయారీయే మన దేశమున నిలిచిపోయెను. క్రొత్తది దొరకనిదగుటచే కోరిక పాతదానిమీదనే పడినది.

మూలము

“2015 పోలో జీటీ టీఎస్ఐ. సింగిల్ ఓనర్. డాక్టర్ డ్రివెన్. 62,000 కి.మీ. మాత్రమే. షోరూమ్ కండిషన్. నో వర్క్. టైర్లు కొత్తవి. అబ్రాడ్ వెళ్తున్నందున అమ్మకం. స్లైట్లీ నెగోషియబుల్. టైమ్‌పాస్ గాళ్ళు ఫోన్ చేయొద్దు.”

వ్యాఖ్య

సింగిల్ ఓనర్ — ఏకస్వామికము అని యర్థము. ఈ ఏకత్వము కాగితముమీదిదా, అనుభవమునందలిదా యనునది విచార్యము. బండి నమ్మువాడు 29, 30 అంకెల ఫారములపై సంతకములు చేసి, కొనువాని పేరుండవలసిన చోటును ఖాళీగా విడిచి మధ్యవర్తికిచ్చును; ఆ మధ్యవర్తి వేఱొకనికి, అతడు మఱియొకనికి ఆ ఫారములతోనే బండిని దాటింతురు. మువ్వురు నడిపి, ఒకడు గుద్ది, వేఱొకడు బాగుచేయించిన పిమ్మటను ఆర్‌సీలో మొదటివాని పేరే చెక్కుచెదరక నిలిచియుండును. పరబ్రహ్మము ఏకమయ్యు అనేకముగా భాసించునని వేదాంతులందురు. ఇచట అనేకులు ఏకముగా భాసింతురు. అధీకృత వ్యాపారి తనయొద్దకు వచ్చిన బండి సంగతిని రిజిస్టరు చేయు అధికారికి తెలుపవలెనను నిబంధన 2023 ఏప్రిలు నుండి అమలునకు వచ్చినది. అయినను సంతకము చేసిన ఖాళీ ఫారమునకు ప్రాణము గట్టిది. రిజిస్టరులో పేరున్నవాడే యజమానియని 2018లో సుప్రీంకోర్టు చెప్పినందున, బండి నమ్మి సుఖముగా నిద్రించు ఆ మొదటివాడే ప్రమాదము జరిగిననాడు న్యాయస్థానమునకు పోవలసినవాడగును. పాపము, అతడు ఈ వ్యాఖ్యను చదువడు.

డాక్టర్ డ్రివెన్ — తృతీయాతత్పురుష సమాసము. డాక్టరుచేత నడుపబడినది యని విగ్రహము. వైద్యవిద్యలో డ్రైవింగు పాఠ్యాంశము కాదు గావున వాచ్యార్థమున ప్రయోజనము లేదు. లక్షణచే ‘మెల్లగా, జాగ్రత్తగా నడుపబడినది’ యను నర్థమును గ్రహింపవలెనని సంప్రదాయము. ఇచట ఆక్షేపము: అర్ధరాత్రమున ఆపరేషనుకు పిలుపందుకొన్న శస్త్రవైద్యుడు మెల్లగా నడుపునా? మఱియు, మెల్లగా నడుపదలచినవాడు ఈ బండిని కొననేల? పోనిండు, ఇంటినుండి ఆసుపత్రికి మూడు కిలోమీటర్లే నడిపెననుకొందము. అప్పుడు యంజనులోని నూనె పూర్తిగా వేడెక్కకముందే దినదినము బండి యాగిపోవును. టర్బో యంజనునకు అది విశ్రాంతి కాదు, రోగము. ఎటు చూచినను విశేషణము విశేష్యమునకు హానియే చేయుచున్నది. అయినను ప్రకటనకర్తలు పలువురు దీనిని వాడుదురు. న్యాయవాదిచేత నడుపబడినదని యొక్కడును వ్రాయకుండుట మాత్రము చింతింపదగినది.

62,000 కి.మీ. మాత్రమే — ‘మాత్రమే’ యనునది అవధారణార్థకము. పదేండ్లకు పంచినచో దినమునకు పదునేడు కిలోమీటర్లు. డాక్టరుగారి కథకు సరిపోవుచున్నది. కాని ఇచట పాఠాంతరము గలదు. నేనును, మా మేనల్లుడును, మాకు తెలిసిన ముషీరాబాదు గ్యారేజీ ఉస్తాదును ఒక యాదివారమున బండిని చూడబోయినప్పుడు, డ్యాష్‌బోర్డు అఱలో ఇన్సూరెన్సు కాగితములక్రింద మడతపడియున్న పాత సర్వీసు బిల్లొకటి నా చేతికి దొరికెను. తేదీ 2019, కిలోమీటర్ల గడిలో 71,400. ప్రతులు విభేదించినచోట ప్రాచీన ప్రతియే ప్రమాణమని పరిష్కర్తలు పలువురందురు. మీటరను ప్రతి యర్వాచీనము, లేఖకదోషదూషితము. బిల్లు ప్రాచీనము, నూనె మరకలతోగూడ విశ్వసనీయము. నేనీ విషయమును కొంత విస్తరించి చెప్పబోగా ఉస్తాదు నా మాటను వినిపించుకొనక, వంగి బ్రేకు పెడలును వ్రేలితో తడవి చూచెను.

“మీటర్‌దేముంది సార్, అది రాసింది సదువుతది. గీ రబ్బర్ సూడుండ్రి, గీతలన్ని అరిగిపోయినయ్. స్టీరింగ్ సూడుండ్రి, నున్నగ మెరుస్తున్నది. ఇది లచ్చ దాటిన బండి.”

రెండు పుటలలో నేను చెప్పదలచినది అతడు రెండు వ్రేళ్ళతో ముగించెను. పాదఘట్టనచే నరిగిన రబ్బరు, అరచేతిచే మెరుగెక్కిన తోలు, డ్రైవరు కూర్చుండి లేచునప్పుడు నలిగిన సీటు అంచు: ఈ మూడు శిలాక్షరములు, వీనిని వెనుకకు త్రిప్పు యంత్రమింకను రాలేదు. ఈ జాతి బండ్లయందు ప్రక్షిప్తముల బెడదయు నధికము. యువకుడైన యజమాని యంజను బుద్ధిని నడుపు చిన్న కంప్యూటరులో క్రొత్త లెక్కలు వ్రాయించి, ఫ్యాక్టరీవారు నిర్ణయించిన బలమునకు మించి పిండుకొని, అమ్ముటకు ముందు మరల పాత లెక్కలను ప్రతిష్ఠించును. అరిగిన క్లచ్చును అట్లు ప్రతిష్ఠించుట సాధ్యము కాదు.

షోరూమ్ కండిషన్ — షోరూము నందలి స్థితివంటి స్థితి గలది. ఇచట ధ్వనివిచారము తప్పదు. కావ్యమునకు ధ్వనియే ఆత్మయని కాశ్మీరమున ఆనందవర్ధనుడు నిరూపించెను. బండి తలుపునకును అదియే ఆత్మయని ముషీరాబాదున ఉస్తాదు నిరూపించును. కుడివైపు ముందు తలుపును కణుపుతో కొట్టగా రేకు ఖంగున పలికినది. ఎడమవైపు తలుపు మట్టిగోడవలె మొద్దుగా పలికినది. “ఈ డోర్ల లప్పం ఉన్నది సార్.” బోనెట్టు నెత్తి చూపెను: కీలుల బోల్టుల తలలపై పానా గీతలు. రంగు చెదరని బోల్టు విప్పబడనిది. రంగు చెదరినది విప్పబడినది. టింకరింగు పనివాడు నిపుణుడే. కాని ఫ్యాక్టరీలో యంత్రము సమదూరమున వేసిన వెల్డింగు చుక్కలను అనుకరించుట కతని చేయి చాలలేదు.

హైదరాబాదున మఱియొక పరీక్షయు నావశ్యకము. 2020 అక్టోబరులో నగరము నీట మునిగినప్పుడు ఎన్నో బండ్లు సీట్లదాక మునిగినవి. అవి యన్నియు తుక్కునకు పోయినవని నమ్మువాడు అమాయకుడు. సీటుబెల్టును తుదివరకు లాగి చూడవలెను. దినమును లాగబడని ఆ తుదిభాగమున బురదచారిక నిలిచియుండును. సీటు క్రింది పట్టాల త్రుప్పు దీనికి సాక్షి. ఈ బండి ఆ పరీక్షలో నెగ్గినదని న్యాయముగా చెప్పవలెను.

నో వర్క్ — పని లేదు, అభావము. అభావము నాలుగు విధములని తార్కికులందురు. అమ్ముబేహారి చెప్పునది అత్యంతాభావము: పని యెన్నడును లేదు, ఉండదు. కొనువాడు మూడు మాసములకు గ్రహించునది ప్రాగభావము: పుట్టకముందు లేకపోవుట, అనగా పుట్టబోవుచున్నదని. జంటక్లచ్చు పెట్టె గల బండ్లయందు ఈ భేదము మిక్కిలి ఖరీదైనది. ఈ పెట్టెలోని రెండు క్లచ్చులును నూనెలో తడియనివి, పొడివి. రహదారిపై నవి కన్నుమూసి తెఱచునంతలో గేరు మార్చును. అమీరుపేటలో సాయంకాలము ఆరుగంటలకు అంగుళమంగుళము ప్రాకునపుడు మాత్రము సగము పట్టి సగము విడుచుచు రాచుకొని వేడెక్కును. వేగమునకు పుట్టినదానిని నిత్యము ప్రాకించుటయే దినదినవాహనమనుట. కాగితముపై లీటరునకు 17.2 కిలోమీటర్లని చెప్పబడిన మైలేజీ ఆ రద్దీలో పదికి దిగుటయు నిందువలననే.

టైర్లు కొత్తవి — టైరు ప్రక్కగోడపై నాలుగంకెలుండును. మొదటి రెండు వారము, చివరి రెండు సంవత్సరము. ఇచట 0919. అనగా 2019 తొమ్మిదవ వారము. నల్లని పాలిషు కొత్తదే.

అబ్రాడ్ వెళ్తున్నందున — వ్యాజోక్త్యలంకారము. బయటపడబోవు సత్యమును వేఱొక హేతువు చెప్పి కప్పిపుచ్చుట దాని లక్షణము. అలంకారశాస్త్రమున ఇంతకంటె చక్కని యుదాహరణము నేనెఱుగను.

స్లైట్లీ నెగోషియబుల్ — ఈషద్బేరార్హము. బేరమాడునప్పుడు మఱువరానిది: నో క్లెయిమ్ బోనసు బండిది కాదు, మనిషిది; ఏబది శాతము వఱకు పెరిగిన ఆ తగ్గింపును అమ్మువాడు తనవెంట తీసికొనిపోవును. పాలసీని పదునాలుగు దినములలో తనపేర మార్పించుకొను భారము కొనువానిది. బ్యాంకప్పు తీరినదను సాక్ష్యమగు 35వ ఫారమును, చెల్లింపని చలానుల పట్టికయు చూడకమునుపు బయానా ఇచ్చుట తగదు.

టైమ్‌పాస్ గాళ్ళు ఫోన్ చేయొద్దు — శాస్త్రారంభమున అధికారినిర్ణయము చేయుట పరిపాటి. ఇచట శాస్త్రాంతమున చేయబడినది. ఈ యధికారము నాకు గలదా యని నేను మనస్సాక్షిగా విచారించి, నిర్ణయింపలేక, ఫోను చేసితిని.

తాత్పర్యము

ఇన్ని దోషములు తెలిసిన పిమ్మటను నేను ఆ బండిని నడిపి చూతుననుట విజ్ఞులకు వింతగా తోపవచ్చును. తాళము త్రిప్పకముందే ఉస్తాదు బోనెట్టుపై అరచేయి మోపి, “ఎచ్చగున్నది సార్. మనం రాకముందే స్టార్ట్ చేసి పెట్టిండు” అని నా చెవిలో చెప్పెను. చల్లని యంజను తొలి యరనిమిషములో చేయు చప్పుడును, వెనుకగొట్టమున వెడలు నీలిపొగయు ఎవరికిని తెలియకుండుటకై చేసిన యేర్పాటది. తెలిసియు కూర్చుంటిని. ఔటరు రింగురోడ్డున కెక్కి, ఖాళీ దొరికినచోట పాదము నొక్కితిని. పదునైదువందల చుట్లు దాటగనే టర్బో మేల్కొని వీపును సీటునకు నొక్కిపట్టిన ఆ క్షణమున, లప్పము, బోల్టులు, 71,400 అన్నియు మఱచితిని. వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును హేతువులని పెద్దలు చెప్పిరి. నా యాకాంక్ష నిండుగా నుండెను. బండి సన్నిధిలోనే యుండెను. నడుమనున్న యోగ్యత నెవ్వరడుగుదురు?

“మామయ్యా, ఇంతకూ కొంటావా, దీనిమీద వ్యాఖ్యానమే రాస్తావా?” అని మా మేనల్లుడు వెనుకసీటునుండి అడిగెను. వ్యాఖ్యానమే వ్రాసితిని.

అటుపిమ్మట రెండు మాసములలో పందొమ్మిది ప్రకటనలు చదివితిని. అందు పదునొకండు డాక్టర్ డ్రివెన్. ఇరువదవది హనుమకొండనుండి వచ్చినది: “2017 పోలో జీటీ. సెకండ్ ఓనర్. 94,000 తిరిగింది. ఎడమ పక్క రెండు డోర్లు రీపెయింట్. క్లచ్ వర్క్ ఉంది, ఖర్చవుతుంది. ఏసీ బాగుంది.”

దీనికి ప్రతిపదార్థము వ్రాయ గూర్చుండి రెండు గంటలు గడిపితిని. ‘క్లచ్ వర్క్ ఉంది’ యనుటలో వ్యంగ్యమేదియో దాగియుండవలెననియు, దాని వెనుక గేరుపెట్టె యంతయు పాడైన సంగతి కప్పబడియుండవలెననియు ఊహించితిని. లక్షణను ప్రయోగించి చూచితిని. ముఖ్యార్థమునకు బాధ కలుగలేదు. వ్యాజోక్తియా యనుకొంటిని, చెప్పబడిన సాకేదియు లేదు. రాత్రి నిద్రపట్టక, తెల్లవారి ఏడుగంటలకే ఆ సంఖ్యకు ఫోను చేసితిని.

“క్లచ్చు పని యుండుట తప్ప మఱేదైన చెప్పవలసినది కలదా?”

“లేదు సార్, ఉన్నదే రాసిన.”

“అంతేనా?”

“ఇంకేముంటది సార్?”